వల మీది ఎడమచేతి ముడి

ఆ ఉదయం క్రొయేషియా రేవులోని మత్స్యకారుల సహకార సంఘం హాలులో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: రెండు తీరాల ఉమ్మడి సంఘం అధ్యక్షుడు యెర్కో విదులిచ్, ఆ సంఘం తరఫున క్రొయేషియా అధికారి, ఇటలీ అధికారి, ఆరోపణకు గురైన ఇటలీ పడవ యజమాని నజరేనో, చివరి కుర్చీలో, వలలు బాగుచేసే లుక్రియ. ఆమె యెర్కోకు వదిన.

బల్ల మీద తెగిన వల ముక్క ఉంది. రెండు దేశాల నడుమ సముద్రంలో, చేపలు గుడ్లు పెట్టే లోతైన గుంటలో వేట నిషిద్ధం. ఆ వల అక్కడే, అడుగున రాతికి చిక్కుకొని దొరికింది. వల దొరికిన వారం ఆ చుట్టుపక్కల తిరిగినట్టు నమోదైన పడవ నజరేనోది ఒక్కటే. తీర్మానం మీద అధ్యక్షుడు సంతకం చేస్తే ఏడాదిపాటు అతనికి వేట ఉండదు.

ఆ గుంటలో వేట నిషేధం కోసం పదేళ్లు పోరాడినవాడు యెర్కో. ఏప్రిల్‌లో, ఆ వారంలోనే ఒక పొగమంచు ఉదయాన, పడవ జాడ తెలిపే పరికరాన్ని ఆపి, ఆ గుంటలోనే వల దించినవాడూ అతడే. వల చిక్కుకోగానే వలను తేల్చే, తన నంబరున్న బెండును కోసి తెచ్చుకున్నాడు. వలకు వేసిన అతుకును మరిచాడు. నజరేనో పేరు బయటికి వచ్చాక కూడా నిజం చెప్పలేదు.

"ఏమయ్యా అధ్యక్షా, కలంలో సిరా గడ్డకట్టిందా?" అన్నాడు నజరేనో నవ్వబోతూ. "పటం మీద ఆ నిషేధపు గీత నీతో కలిసి గీసినవాణ్ణి. నేనే తొక్కుతానా?"

"ఆగవయ్యా, చదవనీ." యెర్కో అప్పటికే నాలుగుసార్లు చదివాడు.

వల కట్టేవారు చేత్తో తడిమి చూడనిదే వల తగాదా తేల్చకపోవడం ఆ రేవు ఆచారం. లుక్రియ లేచి వచ్చి, అతుకు దగ్గర వేళ్లు ఆపింది. యెర్కో కలం కింద పెట్టాడు.

"ఇది ఇటలీవాళ్ల చేయి కాదు. ముడి ఎడమకు తిరిగింది. మా రేవులో ఎడమచేత్తో కట్టేది నేనొక్కదాన్నే."

"ఎవరికి కట్టావమ్మా?" అని అడిగాడు ఇటలీ అధికారి.

"ఆ మనిషి ఇక్కడే ఉన్నాడు. వాడి పడవ ఆగితే నాకు పనే ఉండదు. అలాగని నా ముడి నాది కాదంటానా?" ఆమె మరిది వైపు తిరిగింది. "యెర్కో, నోరు పడిపోయిందా?"

అతడు లేచాడు. "వల నాది. వెళ్లింది నేను."

"నన్ను శిక్ష అంచుదాకా రానిచ్చావు కదయ్యా," అన్నాడు నజరేనో. తిట్టి ఉంటే బాగుండునని యెర్కోకు అనిపించింది.

"మీరు స్వయంగా ఒప్పుకున్నారని రాస్తాము," అన్నాడు క్రొయేషియా అధికారి.

"వద్దు. ఆమె అడిగాక గదా ఒప్పుకున్నాను. నా పేరు నేరం దగ్గర రాయండి, చాలు." అధ్యక్షుడిగా తన చివరి వాక్యాన్ని అతడే చెప్పి రాయించాడు:

"తన జీవనోపాధిని లెక్కచేయక సత్యం పలికి, నిర్దోషియైన నజరేనోను కాపాడిన శ్రీమతి లుక్రియ విదులిచ్ ధైర్యాన్ని ఈ సమావేశం గౌరవపూర్వకంగా నమోదు చేయుచున్నది."