కదలొద్దని రాసిచ్చిన కారు

మాన్‌సింగ్ కారు ఏ కంపెనీదో చెప్పే బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది. ఎవరైనా అడిగితే "మా కంపెనీదే" అనేవాడు. అది 1966లో పుట్టింది. భూపాలపల్లి బొగ్గుబాయి మీద ఆఫీసర్లను తిప్పింది. ఆఫీసర్లకు జీపులొచ్చాక దాన్ని వేలం వేస్తే, నడిపిన డ్రైవరే పాడుకున్నాడు. ఆ డ్రైవరు మాన్‌సింగే. రిటైరయ్యాక గార్ల దగ్గరి తన తండాకు దాన్ని తోలుకొచ్చి, గుడిసె పక్కన రేకుల షెడ్డు వేసి, గొడ్లను బయట కట్టేసి కారును లోపల పెట్టాడు.

అక్కడే మొదలైంది పంచాయితీ. అతని భార్య సుక్కికి గొడ్లంటే ప్రాణం, కారంటే మంట.

"పెండ్లయి ముప్పై ఏండ్లాయె. నేను ఆ కారు ఎక్కింది తక్కువ, నూకింది ఎక్కువ," అనేది. అబద్ధం కాదు. మొగుడు లోపల కూర్చుని స్టీరింగు తిప్పుతుంటే, వెనక నుంచి తోసీ తోసీ ఆమె భుజాలు పహిల్వాను భుజాల్లా తయారయ్యాయి. మాన్‌సింగ్ మాత్రం కారును తిట్టాల్సొస్తే తెలుగులో తిట్టేవాడు, ముద్దు చేయాల్సొస్తే లంబాడీలో చేసేవాడు. "యాడీ, మా యాడీ కదా," అని బానెట్ నిమిరేవాడు. యాడీ అంటే అమ్మ. సుక్కిని అతను అంత మెత్తగా పిలిచిన రోజు తండాలో ఎవరికీ గుర్తులేదు. మంట పుట్టదా మరి!

పాతబండికి సర్కారు రూలు ఒకటుంది. పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టి పాస్ చేయించాలి. లైట్లు, హారన్, బ్రేకులు అన్నీ చూసి ఆయన సంతకం పెడితేనే మరో ఐదేళ్లు రోడ్డెక్కాలి. మాన్‌సింగ్ చేతిలో ఇది ఆరో పరీక్ష. ప్రతిసారీ నెల ముందు నుంచే అతనికి అన్నం సయించదు. ఈసారి జనగామ దాకా పోయి, పాతసామాన్ల దుకాణంలో రోజంతా వెతికి బ్రేక్ షూలు తెచ్చి వేశాడు. అప్పుడే సుక్కి అతన్ని సందు చూసి పట్టుకుంది.

"ఈసారి పాస్ కాకపోతే?"

"ఎందుకు కాదు?"

"కాకపోతే పాతసామాన్ల సేటుకు ఇచ్చేస్తనని ఒట్టు పెట్టు. సేవాలాల్ మహారాజ్ మీద పెట్టు."

ఉడుకుమోతుతనంలో మాన్‌సింగ్ ఒట్టు పెట్టేశాడు. సేవాలాల్ మీద పెట్టిన ఒట్టు తండాలో ఎవరూ తప్పరు. పెట్టాక గుండెల్లో రాయి పడింది. కానీ నోరు జారిన మాట, చెయ్యి జారిన గాజు ఒకటే కదా.

ఇంతలో సకల జనుల సమ్మె మొదలైంది. తెలంగాణ ఇచ్చేదాకా బస్సు కదలదు, బడి తెరవదు, బొగ్గు పైకి రాదు, ఆఫీసులో ఫైలు జరగదు. కారు గడువు సమ్మె రెండో రోజున తీరింది. ఒక్కరోజు బందేమో, అయిపోతుందిలే అని ఆగిన మాన్‌సింగ్, నాలుగో రోజు పొద్దున్నే పాగా చుట్టుకుని తయారయ్యాడు.

"ఆఫీసులన్నీ బందాయె గదా, ఏడికి?" అంది సుక్కి.

"ఆఫీసుకు తాళమేస్తరు. బండ్లను చూసేది ఆఫీసుల కాదు, గ్రౌండుల. గ్రౌండుకు తాళమెట్లేస్తరు?"

చూశారా తెలివి! ఐదుసార్లు అదే మైదానంలో కారు నడిపి నడిపి, పరీక్ష పెట్టేది మైదానమే అనుకున్నాడు మహానుభావుడు. సుక్కి నవ్వాపుకుని, తానూ వస్తానంది. కారు ఫెయిలైతే కళ్లారా చూడాలని ఆమె ఆశ.

మహబూబాబాద్ దారిలో బయ్యారం రాకముందే నలుగురు పోరగాళ్లు రోడ్డుకు అడ్డం నిలబడ్డారు. "కాకా, ఆపు! గిదేంది, నంబరు మీద ఇంకా ఏపీ ఉన్నది?" అంటూ ఆ రెండక్షరాల మీద టీజీ అని కాయితం అతికించి, కారుకు జై కొట్టి పంపించారు. మాన్‌సింగ్‌కు సంతోషమే అయింది. కిలోమీటరు పోయాడో లేదో కానిస్టేబుల్ ఈల ఊదాడు.

"ఆర్సీల ఏపీ, బండి మీద టీజీ. రూలు ప్రకారం రెండూ ఒక్కతీరుగ ఉండాలె. పీకు."

పీకాడు. చెరువు కట్ట మలుపు తిరగ్గానే ఇంకో గుంపు. "పెద్దమనిషివి, నీకన్న సోయి ఉండొద్దా కాకా?" అని మళ్లీ అతికించారు. ముందుకు పోతే మళ్లీ పోలీసులు. అడకత్తెరలో పోకచెక్కయింది మాన్‌సింగ్ బతుకు. చివరికి సుక్కికే చిరాకు పుట్టి కిందికి దిగింది. కాయితాన్ని పై అంచున మాత్రం అతికించి, కింది అంచుకు దారం కట్టి, ఆ దారాన్ని బానెట్ మీదుగా కిటికీలోంచి తన చేతికి తెచ్చుకుంది. జెండాలు కనబడితే దారం వదిలేది, ఖాకీ కనబడితే లాగేది. వెనక ప్లేటుతో బాధ లేదు, అక్కడంతా బురదే, అందులో ఏ రాష్ట్రమూ కనబడదు. ఆ విధంగా ఆ కారు పది కిలోమీటర్లలో ఏడుసార్లు రాష్ట్రం మారింది.

మహబూబాబాద్ ఇంకో రెండు కిలోమీటర్లుందనగా ఇరుకు కల్వర్టు ఒకటి వచ్చింది. మలుపు తిరిగేసరికి కల్వర్టు మీద మూడు రాళ్ల పొయ్యి, దాని మీద మనిషి మునిగేంత డేగిశ, అందులో ఉడుకుతున్న బగార అన్నం, చుట్టూ రెండు వందల మంది. వంటావార్పు! రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తిని, రోడ్డును బంద్ చేయడమన్నమాట.

"యాడీ!" అని అరిచి మాన్‌సింగ్ రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డాడు. కారు కీచుమని అరిచి, అడ్డంగా తిరిగి, కల్వర్టు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిండుగా నిలబడిపోయింది. డేగిశకు, కారు తలుపుకు మధ్య జానెడు ఎడం మిగిలింది. గంటె తిప్పుతున్నాయన గంటెతో సహా గోడ మీదికి ఎగిరాడు. ఎగిరి, ఊపిరి పీల్చుకుని, ఆయన మొదట అన్న మాట ఇది:

"బ్రేకులు బ్రహ్మాండంగున్నయ్!"

మాన్‌సింగ్ పోల్చుకున్నాడు. ఆ గంటె పట్టినాయన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సురేందర్. నక్కను తొక్కి వచ్చానని పొంగిపోయి, ఫైలు చంకన పెట్టుకుని దిగాడు. "సార్, సార్! నేను మీ దగ్గరికే వస్తున్న. పాస్ చేయించనీకి!"

"సమ్మెల ఉన్న కాకా. ఇయ్యాల నేను వంటోన్ని."

అన్నాడే గానీ పదిహేనేళ్ల అలవాటు ఊరుకుంటుందా? గంటె ఇంకొకరి చేతిలో పెట్టి కారు చుట్టూ ఒక్క తిరుగు తిరిగాడు. "హారన్?" అన్నాడు. స్టీరింగు ఎడమకు తిప్పితేనే మోగుతుంది కాబట్టి మాన్‌సింగ్ ఎడమకు తిప్పి మోగించాడు. లైట్లు వెలిగాయి. చాసిస్ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీయాలి, పెన్సిల్ ఆఫీసులో తాళం లోపల ఉంది. సురేందర్ పొయ్యిలోంచి చల్లారిన బొగ్గుముక్క తీసి రుద్దాడు. అంకెలు అచ్చుగుద్దినట్టు దిగాయి.

"అరవయ్యారు మోడల్! నా కంటె రెండేండ్లు పెద్దది. కాకా, నీ బండి నూటికి నూరు పాసు," అన్నాడు. మాన్‌సింగ్ కళ్లు చెమర్చాయి. సుక్కి మొహం మాడిపోయింది. "కని సంతకం పెట్ట. సమ్మె అయినంక రా," అన్నాడు సురేందర్.

"అయినంక ఎట్ల సార్? గడువు దాటిపాయె. పాస్ కాకుండ ఇంటికి పోతే ఒట్టు ప్రకారం దీన్ని సేటుకియ్యాలె, వాడు సుత్తెతోని పగలగొట్టి అమ్ముకుంటడు. నా కండ్ల ముందట..." మాట పూర్తి కాలేదు. పెద్దమనిషి, కండువా నోట్లో కుక్కుకున్నాడు.

సురేందర్ అటూ ఇటూ చూసి అతన్ని పక్కకు తీసుకుపోయాడు. జేబులోంచి పెన్ను బయటికొచ్చింది. "పన్నెండో తారీఖు ఏసి పెడ్త. సమ్మె పదమూడున కదా షురువైంది. ఎవ్వలకు తెల్వది. కాయితమియ్యి."

సరిగ్గా అప్పుడే జీపు దిగాడు ఎస్సై.

"వండుడైంది, తినుడైతుంది, ఇగ లేవుండ్రి. మీకిచ్చిన టైం అయిపోయింది," అని కానిస్టేబుళ్లతో డేగిశను పక్కకు మోయించాడు. జనం గొణుక్కుంటూ విస్తళ్లతో సహా గోడల వారకు జరిగారు. పొయ్యి రాళ్లు పోయాయి. రోడ్డు మీద మిగిలింది అడ్డంగా నిలబడ్డ కారు ఒక్కటే. అటువైపు లారీలు, ఇటువైపు లారీలు.

"ఎవలిదీ బండి? కాయితాలు తియ్యి!"

చూశాడు. గడువు దాటి రెండు రోజులు. అసలే కడుపు మండుతున్న మనిషికి ఒక్కడు దొరికాడు. అక్కడే జీపు బానెట్ మీద పెట్టి నోటీసు రాశాడు, గట్టిగా చదివి మరీ వినిపించాడు: "పాస్ చేయించేదాకా ఈ వాహనం రోడ్డు మీద అడుగు కూడా కదలరాదు. కదిలిన యెడల కేసు!" కింద సంతకం, ముద్ర. నోటీసు మాన్‌సింగ్ చేతిలో పెట్టి, "ఊఁ, తియ్యి బండి. పక్కకు జరుపు," అన్నాడు.

మాన్‌సింగ్ కొంటెతనానికి అనలేదు, నిజంగా భయపడే అన్నాడు. "ఎట్ల జరపాలె సార్? కదిలితే కేసని మీరే రాసిస్తిరి."

ఎవరో ముసలమ్మ పకాలున నవ్వింది. ఇంకేముంది, రెండు వందల మందీ అందుకున్నారు. ఎస్సై క్రేను పిలుద్దామంటే దాని డ్రైవరూ సమ్మెలోనే, ఇక్కడే మూడో విస్తరి ముందు ఉన్నాడు. తోయిద్దామంటే జనం వచ్చి కారు చుట్టూ చక్రాలకు ఆనుకుని కూర్చున్నారు. ఎస్సై గొంతు తగ్గింది.

"ఇగో పెద్దాయనా, పాస్ అయిన కాయితం ఇంకేదన్న ఉంటే చూపెట్టు. గీ నోటీసు నేనే చింపేస్త. బండి తీసుకొని సక్కగ ఇంటికి పో."

మాన్‌సింగ్ వెనక్కి చూశాడు. సురేందర్ చెయ్యి వీపు వెనక ఉంది, చేతిలో పెన్ను. ఒక్క సైగ చాలని కళ్లతో చెప్పాడు. సంతకం పడితే కారు బతుకుతుంది. కారు కదిలితే లారీలు కదులుతాయి, ఇంతమంది పొద్దుటి నుంచి ఎండలో ఆపిన రోడ్డు తెరుచుకుంటుంది.

మాన్‌సింగ్ కారు వంక చూశాడు. విస్తళ్ల వంక చూశాడు. భూపాలపల్లిలో తనతో పనిచేసిన వాళ్లంతా జీతం వదులుకుని బాయి దిగకుండా కూర్చున్న సంగతి మనసులో మెదిలింది.

"కాయితం లేదు సార్," అన్నాడు. "నా బండి పాస్ కాలేదు."

జైకొట్టుడు మహబూబాబాద్ దాకా వినబడి ఉంటుంది. ఎస్సై టోపీ తీసి తల గోక్కుని, లారీలను చుట్టుదారికి మళ్లించడానికి పోయాడు. సురేందర్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. మాన్‌సింగ్ మాత్రం కారు నీడన చతికిలబడి, సిగ్గు విడిచి బోరుమన్నాడు.

సుక్కి రెండు విస్తళ్లు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"ఏడుస్తవేంది? ఇంతమంది నీకు జై కొడుతుంటే!"

"ఒట్టు ఒట్టే గదా. రేపే సేటును పిలుస్త."

"రేపెట్ల పిలుస్తవ్? కదలొద్దని పోలీసోడు రాసిచ్చె. సమ్మె అయిపోయేదాక ఇది ఈడనే ఉండాలె. అయినంక ఆ సారు సంతకం పెడ్తడో, సేటే వస్తడో, గప్పుడు చూద్దాం."

"సమ్మె ఎన్నొద్దులైతదో ఎవలకెరుక?"

"ఎన్నొద్దులన్న కానీ. నాకేం తొందర?" అంది సుక్కి.

మాన్‌సింగ్ ముక్కు తుడుచుకుని ఆమె మొహంలోకి చూశాడు. ఆమె అటు చూడనే లేదు. చేతిలో ముద్ద ఆపి, కారు అవతలి పక్కకు చూసి గయ్యిమంది.

"ఓ తమ్మీ, ఉడుకుడుకు మూత దాని మీద పెడ్తవేంది, కండ్లు కనబడ్తలేవా? రంగు పోతది, తియ్యి!"