మూడవ గేరు

జ్యేష్ఠమాసపుఁ జివరిదినములవి. రెండునెలలుగా నెండకుఁ గాఁగి వెలవెలఁబోయిన మన్యపుఁగొండల శిఖరములపైఁ దొలకరిమేఘములు వచ్చి నిలిచి, కురిసియుఁ గురియక, కదలియుఁ గదలక, ఘాటుదారి మలుపులను బైనుండి క్రిందివఱకు నొక్కటొక్కటిగాఁ దమ నీడలతోఁ దుడిచివేయుచుండెను. క్రింద నర్సీపట్టణములో మాత్ర మింకను నెండ కాయుచునే యుండెను. పట్టణము దాఁటి చింతపల్లిదారి కొండనెక్కఁబోవు చోట, రేకులకప్పు గల మరమ్మతుషెడ్డు ముంగిట, నూనెతో నల్లనైన నేలమీఁదఁ జిన్నకారొకటి ముందుచక్రము లెత్తి నిలుపఁబడియుండఁగా, దానికి నాలుగడుగుల దూరమున స్టూలుమీఁదఁ గూర్చున్న స్త్రీ యొకతె కారును జూడక కొండలనే చూచుచుండెను.

ఆమె పేరు నూకరత్నము. ఆ పట్టణపు బాలికల పాఠశాలలో నుపాధ్యాయిని. భర్త పరదేశి చింతపల్లి కాఫీతోటలలో మొక్కల పర్యవేక్షకుఁడు. ఇద్దఱి యుద్యోగముల నడుమ నేఁబది కిలోమీటరుల దారి యేడేండ్లుగా నడ్డుపడియుండెను. ఒక శనివార మాతఁడు కారులో దిగివచ్చి, సోమవారపుటుదయమునఁ గారామెకు విడిచి బస్సులో నెక్కిపోవును. మఱుసటి శనివార మామె యాకారులో నెక్కిపోయి, దాని నచ్చట విడిచి బస్సులో దిగివచ్చును. మందుల యేజెంటొకఁ డూరూరఁ దిప్పి విడిచిన యా వాహనము వీరి చేతికి వచ్చునప్పటికే లక్షకిలోమీటరులు తిరిగియుండెను. ఇప్పుడు రెండులక్షలు దాఁటినది. రంగు వెలసి, తలుపుల రబ్బరు లెండి, సీటుబట్ట చినిగియు నది నడచుచుండుటకుఁ బరదేశి శ్రద్ధ యొక్కటియే కారణము.

కారు విడిచిపోవునపు డెల్ల నాతఁడు స్టీరింగుక్రింది యరలో నొక చీటి యుంచును. "చలిలో మొదటి రెండు కిలోమీటర్లు తొందరపడకు. క్లచ్చి మీద కాలు ఆనించి ఉంచకు. బండి పూర్తిగా ఆగకుండా రివర్సు వేయకు. గేరాయిలు నలభై వేలకు మార్చాలి, నలభై ఒకటికి కాదు." ఇట్టివి యేడేండ్లలో నెన్నియో. ప్రతిదాని నామె తుదివఱకుఁ జదివి, వెనుకకుఁ ద్రిప్పి చూచి, మడిచి పెట్టును. ఆ వెనుకవైపున నామె యేమి వెదకునో యాతఁ డెఱుఁగఁడు. ఏ చీటికిని వెనుకవైపున నేమియు నుండెడిది కాదు.

ఆ యేఁటి బదిలీలలో నామెకు రెండు స్థానములలో నొకటి కోరుకొను నవకాశము వచ్చినది. విశాఖపట్టణమున నక్కగారి యిల్లును, సముద్రమును, బెద్దపాఠశాలయుఁ గలవు. చింతపల్లిలోఁ బరదేశి కలఁడు. కాని యాతఁడు తన్నుఁ గోరుచున్నాఁడో లేదో యేడేండ్లలోఁ దెలిసికొనలేనిదాన నని యామె దుఃఖము. కోరికపత్ర మాదినము సాయంకాలములోపలఁ బ్రధానోపాధ్యాయిని కందవలెను. మూఁడుదినముల క్రిందట నామె ఫోనులో భర్త నడిగినది.

"ఏది రాయమంటారు?"

ఆవలనుండి కొండగాలి చప్పుడుతోఁ గలసి బదులు వచ్చెను. "నీ ఇష్టం రత్నం. నీకెక్కడ సుఖమో అదే రాయి. ఆఁ, మూడో గేరు జారుతోందన్నావు కదా, బైరాగికి చూపించావా?"

ఆమె ఫోను పెట్టివేసి పత్రమునఁ బెన్సిలుతో విశాఖపట్టణ మని వ్రాసెను. దానిపైఁ బెన్నుతో దిద్దుట మిగిలియుండెను.

"టీచరమ్మా, ఇలాగొచ్చి సూడండి!"

పిలిచినవాఁడు బైరాగి. అఱువదేండ్లవాఁడు, ఆ ఘాటు నెక్కు వాహనముల దగ్గును నాయాసమును దూరమునుండియే గుర్తుపట్టఁగల మెకానిక్కు. ఆతఁడు విప్పిన గేరుబాక్సు బల్లమీఁద నుండెను. ప్రక్కపళ్లెములో దించిన నల్లని నూనెలో వేలుముంచి యెండకుఁ బట్టఁగా, సన్నని లోహపుఁబొడి మినుకుమినుకుమని మెఱసెను.

"గేరు పళ్లు సూడండి, రెండు లచ్చలు తిరిగినా ఎలాగున్నాయో! నా నోట్లోయి కూడా ఇలాగ లేవు. సారు టైముకి ఆయిలు మారుస్తారు గాబట్టి బతికిపోనాయి."

"మరి గేరెందుకు జారుతోందండీ?"

బైరాగి గుడ్డతోఁ దుడిచి, అర్ధచంద్రునివంటి యినుపముక్క నొకదాని నామె యరచేతఁ బెట్టెను. "దీన్ని ఫోర్కంటారు. మీరు పైన రాడ్డు తోస్తే, లోపల గేరుని పట్టుకుని తోసేది ఇదే. తోసేక దాన్ని వొగ్గేయాల. సూడండి, ఒక పక్క బాగున్నాది, ఒక పక్క కత్తిలాగ అరిగిపోనాది."

"ఎలా అరుగుతుంది?"

"గేరేసేక కూడా రాడ్డు మీద సెయ్యి అలాగే ఉంచేస్తే అరుగుతాది. మన సెయ్యి బరువు మనకి తెల్దు, దీనికి తెలుస్తాది. ఇది నిన్నా మొన్నా ఏసిన సెయ్యి కాదు, ఏళ్ల తరబడిది." ఆతఁడు కన్నులు చికిలించి నవ్వెను. "పిల్లల్ని సేతులు కట్టుకోమంటారు గదా టీచరమ్మా, మీ సెయ్యి మీరు కట్టుకోరేటి?"

"నేను అలా వెయ్యనండీ."

"అందరూ అదే అంటారు."

క్రొత్తఫోర్కు బిగించి, గేరుబాక్సు నెత్తి, క్రొత్తనూనె పోసి, చక్రములు నేలకు దించునప్పటికి నాలుగుగంట లైనది. బైరాగి ప్రక్కసీటునఁ గూర్చుండి కారు నామెచేతనే నడిపింపఁజేసెను. ఘాటు మొదటిమలుపువఱకుఁ బోయి త్రిప్పి తెచ్చునంతసేపు నాతఁడు కిటికీవెలుపలఁ జూచునట్లు నటించుచు నామె యెడమచేతినే కనిపెట్టియుండెను. ఆ చేయి గేరు మార్చునపుడు మాత్రము దిగి, పని తీఱినతోడనే స్టీరింగునకు మరలిపోవుచుండెను. నమ్మక యాతఁడు మఱి రెండుమాఱులు పోయి రమ్మనెను. మూఁడవమాఱు తిరిగివచ్చి దిగునపుడు ఫక్కున నవ్వెను.

"మీరు కాదు తల్లీ, తప్పు నాదే. అయితే ఈ సెయ్యి సారుదన్నమాట! క్లచ్చి మీద కాలెట్టొద్దు, అదెయ్యొద్దు, ఇదెయ్యొద్దని నాకే పాఠం సెప్తారు ఆయన. ఆయనేమో కొండ దిగినంతసేపూ రాడ్డు పట్టుకునే కూకుంటన్నారు! అదేటి, దేవుడిచ్చిన వరమా వొగ్గకుండా పట్టుకోడానికి? సెప్పండి ఆయనకి. సెయ్యి తీసేస్తే బండి ఇంకో లచ్చ తిరుగుతాది."

నూకరత్నము బల్లమీఁది పాతఫోర్కును దెచ్చి యొడిలో నుంచుకొని స్టూలుపైఁ గూర్చుండెను. పెండ్లియైన క్రొత్తలోఁ దొలిసారి యాఘాటు నెక్కునపుడు, మలుపుచాటునుండి లారీయొకటి మీఁదికి వచ్చినట్లు తోఁపఁగా, భయమునఁ దా నెఱుఁగకయే గేరుదండముపై నున్న భర్తచేతిని బట్టుకొన్నది. ఆతఁ డామెవంకఁ జూడలేదు, మాటాడలేదు, చేయి తీయలేదు. అది మొద లిద్దఱుఁ గలసి పోవునపు డెల్ల, గేరు మార్చు పనిలేని చోటులందు సైత మాతని యెడమచేయి యచ్చటనే యుండెడిది, దానిపై నామెచేయి. అది వాహనము నడుపువారి యలవా టని యామె యనుకొన్నది. తన చేతిని సహించుచున్నాఁ డని యనుకొన్నది. ఒడిలోనున్న పాతఫోర్కు వేఱుమాట చెప్పుచుండెను. ప్రక్కసీటు ఖాళీగా నున్న దినములందుఁ గూడ, మంచులోను వానలోను నాదారి పొడవునను, ఆచేయి యాచోటు విడువక మఱియొక చేతికొఱకుఁ గాచుకొని యుండెను. చీటిలో నొక్క యక్షరమునకైన నోచుకొనని యాయెదురుచూపు లోహపుఁబొడియై నూనెలోఁ గలసి, నలువదివేల కిలోమీటరుల కొకమా ఱామనుష్యుని యాజ్ఞచేతనే పాఱఁబోయఁబడుచు వచ్చెను.

ఫోను మ్రోఁగెను. పరదేశియే.

"అయిందా?"

"అయింది."

"ఏ ఆయిలు పోశాడు?"

"మీరు చెప్పిందే."

"కింద బోల్టుకి కొత్త వాషరు వేశాడా?"

"వేశారు."

"మరి జారడం దేనికట?"

ఆమె బైరాగివంకఁ జూచెను. ఆతఁడు తన యెడమచేతి నెత్తి చూపి, చెప్పుమని సైగచేసెను.

"పాతబండి కదండీ. లోపల ఏదో అరిగిందట, కొత్తది వేశారు."

కొండగాలి చప్పుడు. ఆతఁడు గొంతు తగ్గించి, "నడిపేవాళ్లని ఏమైనా జాగ్రత్త పడమన్నాడా?"

"లేదండీ." ఆమె బైరాగివైపునుండి మొగము త్రిప్పుకొనెను. "మీరు ఎలా నడుపుతున్నారో అలాగే నడపమన్నారు."

బైరాగి రెండుచేతులును దలపైఁ బెట్టుకొనెను. ఆమె ఫోను ముగించునంతవఱకు నోరు బిగఁబట్టి, యాపై నాఁగలేక, "నా పేరెందుకు సెడగొట్టేస్తారమ్మా! ఈ ఫోర్కు కూడా అరిగి మళ్లీ నా నెత్తి మీదకే వస్తాది!" అనెను.

"వస్తే రానివ్వండి బైరాగిగారూ. మీరున్నారు కదా."

"ఉంటాను, ఉంటాను. ఏటి సెప్తాను! సదువుకున్నోళ్లు మరి!"

నూకరత్నము సంచిలోని కోరికపత్రమును దీసి, ఇంకను వెచ్చగానున్న కారుబోనెటుపైఁ బఱచి, పెన్సిలు వ్రాఁతను రబ్బరుతోఁ దుడిచెను. కాగితముమీఁదఁ జింతపల్లి యని పెన్నుతో వ్రాసి, తడి యాఱువఱకు గాలి కెగురకుండ నరచేయి యడ్డముంచెను.

వాక్కు నెఱుఁగని వలపు మౌనముగా నుండదు. అది మఱియొక త్రోవ వెదకికొనును, ఆత్రోవ యెంత మెల్లనిదైనను నెదురుపడిన యినుము నరగఁదీయును. ఆ యరుగుదలఁ గనిపెట్టు కన్ను మెకానిక్కునకుండును, దాని యర్థము భార్యకే తెలియును.

బదిలీయుత్తరువులు వచ్చుట కింక నాఱువారములు పట్టును. ఆఱు శనివారములు వారిలో నొక్కరే యాదారిని నడుపవలెను. ఏడేండ్లుగా నీనిరీక్షణము తన యొక్కతెదే యనుకొని మోసినది. అది యిద్దఱిదని తెలిసినపిదపఁ దేలిక కావలసినది. కాలేదు. పాఠశాలవైపుఁ గారు మరలించుచుండఁగా, రాఁబోవు శనివార మేడేండ్లలో నెన్నఁడును లేనంత దూరముగా నామెకుఁ దోఁచెను.