ఏ వర్గానికీ చెందని ఇస్తారి

సిద్దిపేటలో గిన్నెల దుకాణం నడిపే హరికిషన్ సేటు, ఊళ్లోని వ్యాపారాలన్నిటినీ ఒక వెబ్‌సైటులో పేర్చే మహత్కార్యం నెత్తికెత్తుకుని నాలుగేళ్లయింది. ఎవరూ అడగలేదు. అయినా స్కూటరు మీద తిరిగి, బోర్డు చూసి, యజమానితో మాట్లాడి, నచ్చితేనే తగిన వర్గం కింద పేరెక్కించేవాడు.

రిపేర్ల ఇస్తారికి మాత్రం ఆ భాగ్యం దక్కలేదు. "నీది ఏం పని?" అని అడిగితే, "అన్ని చేస్త సేటూ. మిక్సీలు, మోటర్లు, గడియారాలు" అన్నాడు. ఒకే మనిషి మూడు వర్గాల్లో ఉండటం హరికిషన్ దృష్టిలో అరాచకం. పేరు ఎక్కించలేదు.

ఒక ఆదివారం పొద్దున హరికిషన్ భార్య రాధాబాయి గ్రైండరు ఆగిపోయింది. ఇడ్లీపిండి అమ్మడం ఆమె వ్యాపారం. సాయంత్రానికల్లా నారాయణరావుపేట పెళ్లివారికి పిండి పంపాలి. బకెట్ల నిండా మినప్పప్పు నానిపోయి ఉంది.

"నా సైటుంది గద, ఫికరెందుకు?" అంటూ హరికిషన్ కంప్యూటరు తెరిచాడు. గృహోపకరణాలు, అందులో వంటింటివి, అందులో కరెంటువి, అందులో మరమ్మతులు. ఇన్ని మెట్లు దిగితే ఒకే ఒక్క పేరు. ఫోన్ చేస్తే, ఆ పెద్దమనిషి దుకాణం మూసి రెండేళ్లయిందని చెప్పి, ఇప్పుడు కోళ్లఫారం పెట్టానని, కోళ్లేమైనా కావాలా అని అడిగాడు.

ఈలోగా కూతురు లాస్య ఫోన్లో "సిద్దిపేట గ్రైండర్ రిపేర్" అని కొట్టి వెతికింది. మొదట హైదరాబాదు కంపెనీ ప్రకటన, దాని కింద ఇస్తారి పేరు, నంబరు.

"గాయన పేరు గండ్ల ఎవరు పెట్టిన్రు?" హరికిషన్ నిలదీశాడు.

"ఒకలు పెట్టుడేంది నాయినా! గది మిషను. ఎవరేం రాసినా చదువుకుంట తిరుగుతది. గ్రైండర్ మంచిగ చేసిండని ఎవరో రాసిన్రు, గది పట్టుకొచ్చింది."

"దుకాణం చూసినోడు లేడు, మనిషిని అడిగినోడు లేడు. గిదేం పద్ధతి?"

"పద్ధతి తర్వాత చూద్దువు గని, ముందు ఫోన్ చెయ్యయ్యా!" రాధాబాయి అరిచింది.

ఇస్తారి వచ్చి అరగంటలో బెల్టు మార్చాడు. గ్రైండరు తిరిగింది. "మీ లిస్టుల లేను గద సేటూ, ఎట్ల దొరికిన?" అని అమాయకంగా అడిగాడు. హరికిషన్ గ్రైండరు చప్పుడులో వినపడనట్టు నటించాడు.

పిండి వేళకు పెళ్లింటికి చేరింది. మర్నాడు హరికిషన్ సంపాదకవర్గ సమావేశం పిలిచాడు. అధ్యక్షుడూ సభ్యుడూ తానే కనుక ఎవరూ గైర్హాజరు కాలేదు. మూతపడ్డ దుకాణాన్ని ఏకగ్రీవంగా తొలగించారు. ఇస్తారి పేరు మాత్రం మరింత లోతైన పరిశీలన కోసం వాయిదా పడింది.