అడుగున పరిచిన గొంతు

“కుక్కర్ ఆపెయ్ జెరూ, విజిల్ సుత రికార్డయితది,” అన్నాడు ఆషర్ పడకగదిలోంచి.

జెరూషా స్టవ్ కట్టేసి, చున్నీకి చేతులు తుడుచుకుంటూ వెళ్లింది. ఫ్యాన్ ఆపి, కిటికీకి దుప్పటి కట్టి, బీరువాలో చీరల మధ్య మైకు పెట్టి ఉంచాడు. ఆమె అందులో తల దూర్చి కొత్త పాటలోని ఎనిమిది పంక్తులూ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. మూడోసారి చెబుతుంటే వంటింట్లోంచి అత్తగారు మేబెల్, “అన్నం ఉడకమని ప్రార్థన చేయమంటావా అమ్మాయ్?” అన్నారు.

ర్యాప్ వేగంగా సాగే చోట ఆషర్‌కి ఊపిరి అందదు. జెరూషాకి అందుతుంది. నర్సాపురం దగ్గర పల్లెలో, సండే స్కూలు కంఠత పోటీల్లో, బైబిల్లో అన్నిటికంటే పొడవైన నూట పందొమ్మిదో కీర్తన ఆగకుండా అప్పజెప్పి ఏటా స్టీలు గ్లాసు గెలుచుకున్న పిల్ల ఆమె. పెళ్లయిన కొత్తలో అతని ర్యాప్ విని, ఇక్కడ ఇలా అనొచ్చు కదండీ అని చెప్పి చూపించింది, అంతే. అప్పటినుంచి ఆమె గొంతును కంప్యూటర్లో కాస్త బొంగురు చేసి తన గొంతు కింద పరుచుకుంటున్నాడు. మాటలూ ఆమెవే. నల్లా దగ్గర, అంట్ల దగ్గర, నడుంనొప్పితో పడుకోలేక కూర్చున్నప్పుడు పుట్టినవి. చిలకలగూడ సందుల్లో ఫోనుతో తీసిన మొదటి పాటను లక్షలమంది చూశారు. రెండేళ్లలో అతనికి మేనేజరు కూడా వచ్చాడు. పాటలకి తన పేరూ వేస్తారా అని ఆమె అడిగితే, “పేరు ఎందుకు జెరూ? వెనక గొంతుకి ఎవరూ పేరెయ్యరు. ఇంటి మనిషివి కదా,” అన్నాడు ఆషర్. ఆ మాటకి ఆమె ఆ రోజంతా సంతోషించింది కూడా. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ శనివారం సాయంత్రం ఏ.ఎస్. రావు నగర్‌లో షో. తెర వెనక ల్యాప్‌టాప్‌లో ట్రాకులు నడిపే పని జెరూషాదే. “అంత ఊపిరి ఎక్కడిది బ్రో?” అని అడిగింది యాంకరమ్మాయి.

“చిన్నప్పుడు సండే స్కూల్ల కీర్తనలు ఒక్క దమ్ముల చెప్తుంటి. స్టీలు గ్లాసులు గెలిచిన,” అన్నాడు ఆషర్. జనం ఈలలు వేశారు.

గొంతు తనే ఇచ్చింది. మాటలూ తనే ఇచ్చింది. గ్లాసులెప్పుడిచ్చింది? ఒకనాడు వానకి కరెంటు పోతే చెప్పుకున్న కబురది.

లక్షలమంది చూసిన ఆ మొదటి పాట మొదలైంది. అందులో వేగంగా సాగే పంక్తులు రాబోతుండగా జెరూషా తన గొంతున్న ట్రాకు ఆపేసింది. ఇప్పుడు తెలుస్తుంది అందరికీ, అనుకుంది.

మూడో పంక్తిలో అతని ఊపిరి తెగింది. ఒక్క క్షణం ఖాళీ. అతను మైకు జనంవైపు తిప్పాడు. వెయ్యిమంది కుర్రాళ్లు ఆమె నడుంనొప్పిని, ఆమె అంట్లను, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అరిచారు. ఆ వెంటనే అతని పేరు అరిచారు.

దిగివచ్చి చెమట తుడుచుకుంటూ, “ఫస్ట్ పరేషాన్ అయిన జెరూ. కానీ మస్తు ఐడియా. ఇగ ప్రతి షోల గట్లనే కట్ చెయ్,” అన్నాడు. “నీకు సుత తక్లీఫ్ ఉండది.” ప్రేమగానే అన్నాడు.

“అయితే నా గొంతు తీసెయ్యమంటారా?”

“తీసెయ్. నీళ్ల బాటిల్ ఏదీ?”

బాటిల్ అందించింది. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఉన్న పదకొండు పాటలూ ఒక్కొక్కటే తెరిచి, తన గొంతు తీసేస్తూ పోయింది. పది పాటల్లో ఆమె లేని లోటేమీ కనిపించదు, జనానికి అవన్నీ కంఠతా వచ్చు. పదకొండోది బీరువాలో తల దూర్చి చెప్పిన కొత్తది, ఇంకా ఎవరూ వినలేదు. దాంట్లోంచీ తీసేసింది.