ఈ పూట తనిఖీ ఎక్కడ?

పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ కలిసి ఆమె పేరు మరిచిపోయి ‘గాభరక్క’ అని పిలవడం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఎవరైనా గట్టిగా దగ్గితే ఆసుపత్రికి దగ్గరి దారి ఏదా అని ఆలోచించే మనిషి. అలాంటి మనిషి కడుపున పుట్టిన ఒక్కగానొక్క కూతురు పోయి పోయి పోలీసుల్లో చేరింది. చేరినదేదో నీడపట్టున కుర్చీలో కూర్చునే పనిలో చేరిందా అంటే అదీ లేదు. సాయంత్రమయ్యేసరికి బార్ల ముందు నిలబడి, తాగి బండి నడిపేవాళ్ళను ఆపి, గొట్టంలో ఊదించే పని.

“తాగినవాడు ఆగమంటే ఆగుతాడా? నీ మీద నుంచే పోతాడే!” అని తల్లి మొదటి రోజు నుంచీ ఒకటే గోల.

“పోతే బండి నంబరు రాసుకుంటాలే” అని కూతురు నవ్వేది.

ఆ గోల పడలేక ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఏ బారు దగ్గర నిలబడాలో ఎస్సై వ్యాన్ ఎక్కే ముందు గానీ చెప్పడు. చెప్పగానే కూతురు తల్లికి ఫోన్ చేసి ఆ చోటు చెప్పాలి. చెప్పాక తల్లి మాటిమాటికీ ఫోన్ చేసి ప్రాణం తియ్యకూడదు. చోటు తెలిస్తే గాభరక్కకు సగం ప్రాణం కుదుటపడేది. అక్కడ దీపాలున్నాయి, పక్కనే మందుల షాపు ఉంది అనుకుంటూ మిషన్ ముందు కూర్చుని కర్టెన్లు కుట్టుకునేది.

మిగతా సగం ప్రాణం తమ్ముడి దగ్గర ఉండేది. వాడిది వెల్డింగ్ షాపు. షట్టర్ దించగానే స్నేహితులతో బారుకు పోతాడు. మేనకోడలి చేతికే దొరికిపోతాడేమో, లైసెన్సు పోతుందేమో అని ఆమె భయం. అందుకని కూతురి ఫోన్ పెట్టెయ్యగానే వాడికి చేసేది.

“ఒరేయ్, ఈ పూట బస్టాండ్ దగ్గరి బారు ముందు ఉన్నారట. అటు చావకు.”

తమ్ముడు చెడ్డవాడు కాదు. కాకపోతే వాడి కడుపులో మాట దాగదు.

ఒక రోజు పొద్దున కూతురు కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. తల్లి గబగబా వచ్చి నుదురు తడిమి చూసింది.

“జ్వరం కాదమ్మా. ఈ మధ్య మాకు ఒక్కడూ దొరకడం లేదు. మేం పోయేసరికి బారు ముందు ఒక్క బండి ఉండదు. అంతా ఇంకో బారులో తాగి సందుల్లోంచి పోతున్నారు. నిన్న ఒకడు అలాగే పోతూ పళ్ళ తోపుడుబండిని గుద్దేశాడు. పాపం, ఆ ముసలాయన కాలు విరిగింది.”

“అయ్యో!”

“ఎవరో ముందే చోటు చెప్పేస్తున్నారు. కొత్తగా వచ్చింది నేను కదా, డబ్బు తీసుకుని చెప్తున్నానని అందరి కళ్ళూ నా మీదే. సాయంత్రం లోగా ఎవరో తేలకపోతే నా పేరు పైకి రాస్తానన్నాడు ఎస్సై. రాస్తే ఇక ఉద్యోగం ఉండదు.”

కూతురి మీదికి రాగల ఆపదలన్నీ గాభరక్క ఇన్నాళ్ళూ ముందే ఊహించి పెట్టుకుంది. లారీ, కారు, పగిలిన సీసా. తన నోరు మాత్రం ఆ వరసలో లేదు.

“నేనే చెప్పానే. మీ మామయ్యకి.”

కూతురు అరవలేదు. అరిచినా బాగుండేది. “అసలు నేను నీకే చెప్పకూడదు” అని కంచం పక్కకు జరిపి లేచిపోయింది.

గాభరక్క మిషన్ మీద గుడ్డ కప్పి, చెప్పులు వేసుకుని, నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయింది. జన్మలో ఆ మెట్లు ఎక్కలేదు. ఎస్సై అంతా విని కళ్ళజోడు తీశాడు.

“అమ్మా, నా చిన్నప్పుడు నేను కిటికీ అద్దం పగలగొడితే మా అమ్మ తనే పగలగొట్టానంది. తల్లుల మాట మీద ఏదీ తేల్చలేను.”

“నా తమ్ముణ్ణి పిలిపించండి బాబూ.”

“నేను పిలిపిస్తే ఫోన్లో ఉన్నదంతా దారిలోనే తుడిచేస్తాడు. తనంతట తాను రావాలి. మా వ్యాన్ బయల్దేరే లోగా.”

అక్కడి నుంచి తమ్ముడి షాపుకు. వాడు విని తల పట్టుకున్నాడు.

“మతి పోయిందా అక్కా? నేను చోటు చెప్పే వాట్సాప్ గ్రూపులో బారు ఓనర్ కూడా ఉన్నాడు. నేను పోలీసులకు చూపిస్తే రేపటి నుంచి నా దగ్గర గేటు చేయించుకునేదెవడు?”

“నీ గేట్లు సరే. దాని ఉద్యోగం?”

“ఏమీ కాదు. ఎస్సైలు అలాగే బెదిరిస్తారు. ఇంటికి పో.”

మూలనున్న ఇనప స్టూలును గాభరక్క బరబరా లాక్కొచ్చి షాపు నడిమధ్యన వేసుకుని కూర్చుంది.

“నిప్పురవ్వలు పడతాయి.”

“పడనీ.”

అగ్గిపుల్ల గీస్తేనే ఆమడ దూరం జరిగే మనిషి, రవ్వలు చుట్టూ చిమ్ముతుంటే కళ్ళు గట్టిగా మూసుకుని, ఒళ్ళోని సంచిని పట్టుకుని కదలకుండా కూర్చుంది. కిటికీ ఊచల కోసం వచ్చినాయన వింతగా చూశాడు.

“మా అక్క. కొంటారా? చవగ్గా ఇచ్చేస్తా” అన్నాడు తమ్ముడు.

“అమ్మేసినా ఇక్కడే కూర్చుంటా” అంది గాభరక్క.

మధ్యాహ్నం వాడు టీ తెచ్చి ఇచ్చాడు. ఆమె ముట్టలేదు.

“నువ్వే తాగు. తాగడం నీకు అలవాటే కదా.”

“నీకింత మొండి ధైర్యం ఎక్కడిదే అక్కా?”

“ధైర్యమెక్కడ? పొద్దుటి నుంచి కాళ్ళు వణుకుతున్నాయి. అందుకే కూర్చున్నాను.”

ఎండ వాలింది. బల్ల మీద ఫోన్ మోగింది. తమ్ముడు మొహానికి అడ్డు పెట్టుకుని అతుకు మీదున్నాడు. ఆమె తీసింది.

“ఏరా, మీ గాభరా ఈ పూట ఎక్కడంటోంది?” అవతలి గొంతు పగలబడి నవ్వుతోంది.

“గాభరానే మాట్లాడుతున్నా. ఈ పూటే కాదు, ఇక ఏ పూటా చెప్పను. ఆ రోడ్డు మీద నిలబడేది నా కూతురు. మీలో ఒకడు సందులో పళ్ళ ముసలాయన కాలు విరగ్గొట్టాడు. ఎంతైనా తాగండి. బండి తాళాలు మాత్రం ఇంట్లో పెట్టి చావండి!”

ఫోన్ పెట్టేసరికి తమ్ముడు మొహం మీది అడ్డు తీసి చూస్తున్నాడు.

“ఏ ముసలాయన?”

“తోపుడుబండి ఆయన. నిన్న.”

వాడు చేతిలోది కింద పెట్టాడు. “నిన్న సందులోంచి పొమ్మని గ్రూపులో చెప్పింది నేనే” అన్నాడు. షట్టర్ దించి బండి తాళం తీశాడు.

“తాగలేదు కదా?” అంది అక్క.

“పొద్దుటి నుంచి ఎదురుగా కూర్చున్నావు, ఎప్పుడు తాగను తల్లీ!”

వాళ్ళు వెళ్ళేసరికి వ్యాన్ ఇంజను నడుస్తోంది. చుట్టూ పోలీసులు, అందరికన్నా ఎడంగా కూతురు. తమ్ముడు నీళ్ళు నములుతూ ఫోన్ అందించాడు. గ్రూపులో ఉన్న వాయిస్ మెసేజ్‌ను ఎస్సై నొక్కగానే వాడి గొంతే బిగ్గరగా పలికింది.

“మా గాభరక్క ఉండగా మనకేం భయంరా! కూతురు అక్కకి చెప్తుంది, అక్క నాకు చెప్తుంది. ‘అటు చావకురోయ్’ అని ఎలా వణికిపోతుందో చూడాలి!”

పోలీసులు కిసుక్కుమన్నారు. తమ్ముడు తల ఎత్తలేదు. గాభరక్కకు తల తీసేసినట్టయింది. అయినా ఒక అడుగు ముందుకు వేసింది.

“ఇంకోసారి పెట్టండి బాబూ. వెనకున్నవాళ్ళకు వినబడిందో లేదో.”

ఎస్సై మళ్ళీ పెట్టాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన కూతురి వైపు తిరిగాడు.

“డబ్బు మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ పేరు రాయను. కానీ చోటు బయటికి చెప్పావు. దానికి మెమో తప్పదు.”

“సరే సార్.”

“ఇక ఇంట్లో చెప్తావా?”

“చెప్పదు” అంది తల్లి. “చెప్పబోయినా నేను విననండీ.”

బారు ఓనర్ సంగతి రాసివ్వమని తమ్ముణ్ణి లోపల కూర్చోబెట్టారు. కూతురు వ్యాన్ మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

“ఏమైనా తిన్నావా అమ్మా?”

“నువ్వు తిన్నావా?”

“లేదు.”

“అయితే వచ్చాక ఇద్దరం కలిసే తిందాం. పో, వాళ్ళు చూస్తున్నారు.”

వ్యాన్ గేటు దాటింది. గేటు ముందు రోడ్డు రెండుగా చీలుతుంది. అది ఎటు తిరుగుతుందో కనబడకుండా గాభరక్క గోడ వైపు తిరిగి నిలబడింది. ఇంజను చప్పుడు ఏ వైపు పోతోందా అని చెవులు వెతుక్కుంటుంటే, రెండు చేతులతో వాటినీ గట్టిగా మూసుకుంది.