మా మామగారి రహస్య సంఘం

మా మామగారికి ఇద్దరు అల్లుళ్లం. పెద్దవాణ్ణి నేను, ఊరి గ్రంథాలయంలో పుస్తకాలకు నంబర్లు అంటించి అలమరల్లో సర్దుతుంటాను. చిన్నవాడు, అంటే నా తోడల్లుడు, పగిలిన సెల్‌ఫోన్లకు అద్దాలు మారుస్తాడు, ఖాళీ దొరికితే లోకానికి కళ్లు తెరిపిస్తాడు. మొదటి పనిలో అతనికి మంచి పేరుంది.

రెండో పని కోసం ఒక చానెల్ పెట్టుకున్నాడు. కొన్నాళ్లు చందమామ లోపల డొల్ల అన్నాడు. కొన్నాళ్లు టూత్‌పేస్టులో విషం వెతికాడు. ఏదీ అచ్చిరాలేదు. చివరికి ఫ్రీమేసన్లు దొరికారు. ఇంక చూడండి, ఆదివారం మామగారింట్లో భోజనాలకు కూర్చుంటే చాలు, అన్నంతోపాటు ప్రపంచ రహస్యం కూడా వడ్డించేవాడు.

"ఎవరు బాబూ వీళ్లు?" అని మామగారు ఒకసారి అడిగారు. అడిగితే ఏమవుతుందో ఆయనకు తెలియదు పాపం. నలభై ఏళ్లు తాపీ పని చేసిన మనిషి, గోడ అడ్డంగా ఉంటే పక్కనుంచి వెళ్లాలనే తెలుసు.

"దేశాల్ని ఏలేది వీళ్లే మామయ్యగారూ. యుద్ధాలు వీళ్లే మొదలుపెడతారు, వీళ్లే ఆపుతారు. పుర్రెల్లో పోసుకుని తాగుతారు. షేక్‌హ్యాండ్ ఇచ్చేటప్పుడు బొటనవేలు ఎక్కడ నొక్కుతారో చూస్తే కనిపెట్టేయొచ్చు. ఒకసారి చేరారంటే చచ్చినా బయటికి రాలేరు."

"మన మందుల షాపాయన చేరాడుగా," అన్నాను నేను. "పోయినేడు మానేశాడు కూడా. మోకాళ్ల నొప్పులట, మెట్లెక్కలేక."

"అలా చెప్పమంటారు అన్నయ్యా."

అతనితో వాదన అంటే ఇదీ. ఆధారం ఉంటే అది ఆధారం. ఆధారం లేకపోతే దాచేశారు, కాబట్టి అది ఇంకా గట్టి ఆధారం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది చూపిస్తే ఫ్రీమేసన్లు అతికించారంటాడు.

నిజానికి ఆ సంఘం వాళ్ల మందిరం మా బజారులోనే, చెప్పుల దుకాణం పైన ఉంది. రహస్య సంఘం గనక తలుపు మీద పేరు, ఫోన్ నంబరు, సమావేశాల వేళలు రాసి ఉంటాయి. పాతకాలపు రాతి మేస్త్రీల పనిముట్లు, మూలమట్టమూ వృత్తం గీసే కంపాసూ, వాళ్ల చిహ్నం. లోపల ఏవో తంతులు జరుపుకుంటారు, బయటికి చెప్పరు. చెబితే వినేవాళ్లకు నిద్రొస్తుందని నా అనుమానం.

ఇలా నడుస్తుండగా తోడల్లుడికి కోర్టు ప్రహరీ మీద ఒక గుర్తు కనిపించింది. గోడ అడుగున, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు తాపీ మొనతో గీసిన బొమ్మ. కింద మూలమట్టం, దాని మీద రెండు పాయలుగా విడిపోయిన దారం. దూరం నుంచి చూస్తే అచ్చంగా ఆ చిహ్నమే. వారం తిరక్కుండా అలాంటివి ఏడు పట్టాడు. తపాలా కార్యాలయం వెనక, నీళ్ల ట్యాంకు దగ్గర, చివరికి నా కూతురు చదివే బడిలో నాలుగో తరగతి గది గోడకి కూడా. పటం మీద ఏడు చుక్కలూ పెట్టి కలిపితే నక్షత్రం వచ్చిందన్నాడు. ఏడు చుక్కలుంటే గాడిదను కూడా రప్పించవచ్చని నేను కలిపి చూపించాను. ఎవరూ పట్టించుకోలేదు. ఆ వీడియోను నలభై వేల మంది చూశారు, మా ఊరి జనాభా అంత లేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు బొమ్మ చూపించి నవ్వబోయాను. ఆవిడ ముందే నవ్వింది. "ఇది మా నాన్న గీసే బొమ్మ కదండీ. చిన్నప్పుడు చూశాను, గోడ పూత పూసి వచ్చేటప్పుడు గీసేవాడు."

నాకు ఎక్కడలేని ఆనందం కలిగింది. దాచుకోవడమెందుకు, తోడల్లుణ్ణి పదిమందిలో ఓడించాలని అతనికి పెళ్లయిన దగ్గర్నుంచీ నాకు కోరిక. గ్రంథాలయం చదువుల గదిలో చర్చ ఏర్పాటు చేశాను. 'ఫ్రీమేసన్ల గురించి ప్రచారాలు: నిజమెంత?' అని నా చేత్తోనే బోర్డు రాశాను. మామగారిని సాక్షిగా రమ్మన్నాను. ఆ గుర్తు మీదేనా అని మాత్రం అడిగాను. అవునన్నారు. ఎందుకు పెట్టారని అడగలేదు. అడగాల్సింది అదొక్కటే అని నాకు తట్టలేదు.

ఆ ఆదివారం ఉదయం గదిలో కుర్చీలు చాలలేదు. పుస్తకం ముట్టని మహానుభావులంతా వచ్చారు. మందిరం తరఫున కార్యదర్శి పళ్ల డాక్టరు వచ్చి, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే "మేం పుర్రెలు వాడం" అని చెప్పి కూర్చున్నాడు. బడి పెద్ద టీచరమ్మ ముందు వరసలో ఉంది.

తోడల్లుడు అరగంట మాట్లాడాడు. చప్పట్లు. తరవాత నేను లేచాను.

"వందేళ్ల పైమాట. ఒక పెద్దమనిషి పన్నెండేళ్లపాటు వీళ్లకు వ్యతిరేకంగా పుస్తకాలు రాశాడు. దెయ్యాలు, పూజలు, అన్నీ రాశాడు. చివరికి సభ పెట్టి, అంతా నేనే కల్పించానని ఒప్పుకున్నాడు. జనం ఏం చేశారో తెలుసా? ఒప్పుకోలును వదిలేసి పుస్తకాలనే నమ్మారు. ఇంకో మాట. ప్రపంచాన్ని ఏలేవాళ్లంటున్నారు. వాళ్ల మెట్ల ముందు మురుగుకాలువ మీద పలక లేదు. ఆరేళ్లుగా అర్జీలు పెడుతున్నారు."

"ఏడేళ్లు," అన్నాడు పళ్ల డాక్టరు బాధగా.

జనం నవ్వారు. ఆ ఊపులో నా బ్రహ్మాస్త్రం తీశాను. "ఇక ఈ ఏడు గుర్తులూ. వీటిని పెట్టింది ఇదిగో మా మామగారు. ఫ్రీమేసన్లూ లేరు, నక్షత్రమూ లేదు. ఒక పనివాడి అలవాటు, అంతే. దీనికి ఏ అర్థమూ లేదు."

మామగారు లేచి నిలబడ్డారు. భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

"గుర్తు నాదే," అన్నారు. "కానీ అర్థం లేకపోవడమేంటి అల్లుడుగారూ. మా గురువు నేర్పిన గుర్తు అది. కాంట్రాక్టరు బలవంతపెట్టి నాసి పని చేయిస్తే ఆ గోడకి పెట్టమన్నాడు, తర్వాత వచ్చే మేస్త్రి చూసి జాగ్రత్తపడతాడని. మేస్త్రీలకి తప్ప ఎవరికీ తెలీదు."

తోడల్లుడు ఫోను పైకెత్తి రికార్డు చేస్తున్నాడు. నాకు కుర్చీ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఆరు గోడలు చిన్నవి. పడితే పడతాయి, పిల్లి కూడా చావదు. బడి గోడ పన్నెండడుగుల ఎత్తు, మధ్యలో స్తంభం లేదు. ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్లు ఇసుక కలపాల్సిన చోట ఇరవై కలిపాం. కలపమన్నది కాంట్రాక్టరు, ఆయన పోయాడు. కలిపింది నేను. ఇరవై రెండేళ్లయింది. ఏటా సెలవుల్లో వెళ్లి గుండు దారం వేలాడదీసి చూసుకుంటున్నా. ఈ ఏడు వేలెడు ఒరిగింది."

తువ్వాలు మళ్లీ భుజం మీద వేసుకున్నారు. "ఇన్నేళ్లూ నోరు మూసుకున్నా. ఈ ఏడు నా మనవరాలు ఆ గదిలోకి వచ్చింది. మిగతా పిల్లలు కూర్చున్నన్నాళ్లూ నాకు నిద్ర పట్టింది. అది కూడా రాసుకోండి."

గదిలో ఎవరూ ఏమీ రాసుకోలేదు. వెనక వరసలోంచి ఒకాయన, "అంతేనా?" అన్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ముఖాలు వేలాడేసుకుని ఒక్కొక్కరే లేచారు. సైతానుని చూద్దామని వచ్చినవాళ్లకు ఇసుక చూపిస్తే ఎవరికి నచ్చుతుంది? పెద్ద టీచరమ్మ మాత్రం దగ్గరికొచ్చి, "నాకు భయంగానే ఉందండీ, కానీ పైవాళ్ల కాగితం లేకుండా గది ఖాళీ చేయించలేను, వేరే గది లేదు," అంది.

నేను కాగితాల మనిషిని. మర్నాడే విద్యాశాఖ కార్యాలయంలో అర్జీ పెట్టాను. మా అమ్మాయిని బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టాం. మామగారు ఒప్పుకోలేదు. "మిగతా ముప్పై నలుగురూ?" అని అడిగారు.

ఇంజనీరు వచ్చాడు. వేలి కణుపులతో గోడను రెండుసార్లు తట్టాడు, తలుపు కొట్టినట్టు. లోపలినుంచి ఎవరూ పలకలేదు గనక బాగానే ఉందన్నాడు. మామగారు గుండు దారం పట్టుకుని చూపించబోతే, "మీ మాట కాదు, ఆధారం కావాలి పెద్దాయనా," అన్నాడు. ఆధారం కావాలంటే గోడ పగలగొట్టాలి. గోడ పగలగొట్టాలంటే ఆధారం కావాలి. నేను జీవితమంతా పూజించిన మాట నన్నే అలా తన్నింది.

తోడల్లుడు మామగారి ఒప్పుకోలును చానెల్లో పెట్టాడు. రెండు వందల పన్నెండు మంది చూశారు. కింద వ్యాఖ్యలు నాలుగు. మూడింటిలో, ముసలాయన్ని ఫ్రీమేసన్లు కొనేశారని రాశారు. నాలుగోది జుట్టు నూనె ప్రకటన.

వారం తర్వాత తోడల్లుడు గ్రంథాలయానికి వచ్చాడు. మొదటిసారి మనిషి నీరసంగా కనిపించాడు. "ఆ గోడ చూసొచ్చా అన్నయ్యా. నిజంగానే వంగింది," అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, "నిజం చెబితే పగలగొట్టరు. అబద్ధం చెబితే రెండ్రోజుల్లో పగలగొడతారు. నీకు భాష వచ్చు. నువ్వు రాయి, నేను చదువుతా," అన్నాడు.

నేను సిగ్గుపడ్డాను. అయినా రాశాను. సిగ్గుపడుతూనే ఎంత బాగా రాశానో చెబితే నమ్మరు. ఏడు గుర్తుల్లో ఆరు కాపలా గుర్తులని, ఏడోది అసలు చోటని, ఆ గోడ కడుపులో సంఘం సభ్యుల పేర్ల పట్టిక రాగిరేకు మీద చెక్కి దాచారని, అందుకే ఇంజనీరు తట్టి చూసి వెళ్లిపోయాడని రాశాను. ఆ చివరి వాక్యం చదివి తోడల్లుడు నాకు దండం పెట్టాడు.

లక్షా పదివేల మంది చూశారు. మూడో రోజుకి బడి ముందు జనం. పేర్లు బయటపెట్టాలని నినాదాలు. పట్టికలో ఇంజనీరు పేరు కూడా ఉందేమోనని జనానికి అనుమానం. పాపం, అర్జీకి కదలని కార్యాలయం పుకారుకి పరిగెత్తుకొచ్చింది. పిల్లల్ని ఆవరణ దాటించి, పుకారు ఆపడానికి ఒక్క రంధ్రం చేసి చూపిస్తామని మైకులో చెప్పారు.

గునపం రెండో దెబ్బకే లోపలికి దిగబడింది. తీస్తే వెనకాలే ఇసుక కారింది, చిరిగిన బస్తాలోంచి కారినట్టు. ఇటుకలు మూడు వరసలు వాటంతటవే జారిపడ్డాయి. గునపం పట్టినవాడు దాన్ని వదిలేసి పరిగెత్తాడు. సాయంత్రానికి మోకు కట్టి లాగితే గోడంతా ఒక్కసారిగా కూలి, మొదటి రెండు బెంచీల మీద పడింది. మా అమ్మాయిది రెండో బెంచీ.

జనం శిథిలాలు గాలించారు. రాగిరేకు దొరకలేదు. "ముందే తీసేశారు," అనుకుంటూ తృప్తిగా ఇళ్లకు వెళ్లారు. ఇసుక గురించి ఎవరూ మాట్లాడలేదు.

కొత్త గోడ మామగారే కట్టారు. వద్దంటే వినలేదు, కూలీ తీసుకోలేదు. సిమెంటు మాలు కలపడం కూడా ఎవరికీ వదల్లేదు, ఒక్కో పాలూ తనే కొలిచి పోసుకున్నారు. మేమిద్దరం ఇటుకలు అందించాం. దారిన పోయేవాళ్లు ఆగి ఆయన్ని భక్తిగా చూసేవాళ్లు. ఒకతను లోపలికే వచ్చి, చేయి కలిపి, బొటనవేలు నొక్కి, "సంఘంలో మీరెన్నో మెట్టులో ఉన్నారు మేస్త్రిగారూ?" అని గుసగుసగా అడిగాడు.

"మెట్టూ లేదు, గట్టూ లేదు బాబూ," అన్నారు మామగారు. "ఆ గోడ పాడు చేసింది నేను. ఈ చేతుల్తోనే."

అతను కన్ను గీటాడు. "అర్థమైంది లెండి. మీరు చెప్పకూడదు."

అతను వెళ్లాక మామగారు తాపీ కింద పెట్టి, ఇటుకల వరస మీద కూర్చున్నారు.

"పిల్లలు బతికారు. అంతకన్నా ఏం కావాలి," అన్నారు చివరికి. "కానీ ఇరవై రెండేళ్లు మోసి మోసి, పదిమందిలో నిలబడి నా తప్పు ఒప్పుకున్నా. ఇప్పుడీ ఊళ్లో దాన్ని నమ్మేవాడు ఒక్కడు లేడు. తిట్టేవాడూ లేడు, పోనీలే అనేవాడూ లేడు. నా తప్పుని కూడా నాకు మిగల్చలేదు మీరిద్దరూ."

మీరిద్దరూ అన్నారు గాని, చూసింది మాత్రం నా వైపే.