పాత కంప్యూటర్లో మిగిలిన కథ

పాత సామాన్లు కొనేవాడు గుమ్మంలో నిలబడి, కంప్యూటర్ ఎప్పుడిస్తారా అని చూస్తున్నాడు. కింద లారీలోకి మంచాలూ బీరువాలూ ఎక్కుతున్నాయి. మా మరిది కాపురం వేరే ఊరికి మారుతోంది. వెళ్లేలోగా ఈ డొక్కుని వదిలించుకోవాలని అతని పట్టుదల. మా కథేమో ఇంకా దాంట్లోనే ఉంది.

ఆ కథ నాదీ, నా తోడికోడలిదీ. ప్రతి పేజీ చివరా రెండు మూడు దారులుంటాయి. చదివేవాళ్లు ఏది నొక్కితే కథ అటు పోతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు కోడళ్లు, వాళ్ల గొడవలూ. పెద్దకోడలి దారులు నేను రాశాను, చిన్నకోడలివి తను రాసింది. పూర్తయ్యేదాకా ఒకరిది ఒకరం చదవకూడదని ఒప్పందం. ఏళ్ల తరబడి మధ్యాహ్నాలు వంతులేసుకుని రాశాం.

ఉదయం నేను పెద్ద తెలిసినదానిలా ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. నా కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తే నాలుగు బొమ్మలు తప్ప ఒక్క పేజీ లేదు. మేం రాసింది బ్రౌజర్లో. అదంతా ఆ బ్రౌజరే తన కడుపులో దాచుకుందట.

"ఫైలుగా బయటికి తియ్యాలక్కా. మెనూలో ఉంటుంది," అంది తోడికోడలు.

"తెలిస్తే ముందే ఏడవచ్చుగా?"

"నువ్వు నాతో మాట్లాడితే కదా."

నిజమే, ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు. ఇల్లు మారుతున్న సంగతి నాకు మా ఆయన చెప్పాడు గానీ తను చెప్పలేదు. పొద్దస్తమానం నాతోనే ఉండే మనిషి నా దగ్గర ఇంత మాట దాచిందంటే ఒళ్లు మండదూ?

పాత కంప్యూటర్ ఆన్ చేశాం. అదో మొండిఘటం. వేడెక్కితే చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. బ్రౌజర్ తెరుచుకునేసరికే లోపల రొద మొదలైంది. మెనూ కనిపించింది, నొక్కబోయేంతలో తెర నల్లబడింది.

"వదినా, అతను వెళ్లిపోతానంటున్నాడు," అన్నాడు మరిది.

"పొమ్మను. నేనే మోసుకెళ్లి ఇచ్చొస్తాను."

తోడికోడలు కంప్యూటర్ డబ్బా మూత విప్పి, లారీ ఎక్కాల్సిన స్టాండు ఫ్యాను తెచ్చి దానికెదురుగా పెట్టింది. మళ్లీ ఆన్ చేసి ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఈసారి ఫైలు బయటికొచ్చింది. పెన్‌డ్రైవ్ పీకానో లేదో, డబ్బా మళ్లీ ఆగిపోయింది. సరిగ్గా వచ్చిందో లేదో చూసేదాకా ఆగవయ్యా అంటున్నా వినకుండా మరిది దాన్ని ఎత్తుకుని, కింద ఇంకా కాచుకుని ఉన్న పాత సామాన్లవాడికి ఇచ్చేందుకు పోయాడు.

ల్యాప్‌టాప్‌లో కథ తెరుచుకుంది. నా దారులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇక తనవి చూడాలి.

"నీది చదవనా?"

"చదువు. ఇంకెప్పుడు చదువుతావు?"

తన కథలో చిన్నకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఏదో చెప్పాలని వచ్చి నోరు పెగలక నించుంది. కింద మూడు దారులు. ఊరుకో. రేపు చెప్పు. మేం వెళ్లిపోతున్నామని అక్కతో చెప్పు.

మూడోది నొక్కాను. తెల్లటి పేజీ వచ్చింది. ఒక్క అక్షరం లేదు.

వెనక్కి వెళ్లి మళ్లీ నొక్కాను. మళ్లీ అదే.

"పోయిందే, నీ పేజీ పోయింది. ఆ సామాన్లవాణ్ని ఆపమను," అంటూ కిటికీ దగ్గరికి పరిగెత్తాను. పాత సామాన్ల బండి అప్పుడే వీధి మలుపు తిరుగుతోంది.

"పోలేదక్కా," అంది తను, కూర్చున్న చోటి నుంచి కదలకుండా. "ఆ పేజీ నేను రాయలేదు. చెప్తే నువ్వేమంటావో ఎంత ఆలోచించినా తోచలేదు. నీకు నిజంగా చెప్పాలన్నా అదే భయం."

నేను కుర్చీలో కూలబడ్డాను. కింద లారీ హారన్ కొట్టింది. ఆ పేజీలో నేనే ఏదైనా రాద్దామని కీబోర్డు మీద చేతులు పెట్టాను గానీ వేళ్లు ఆడలేదు. తన వైపు తిరిగాను.

"వెళ్లొద్దనేదాన్ని," అన్నాను. "ఏడ్చి ఇల్లు పీకి పందిరేసేదాన్ని. రెండ్రోజులు అన్నం మానేసేదాన్ని. ఆ తర్వాత నీ సామాన్లు నేనే సర్దేదాన్ని."

తను ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, ముక్కు ఎగబీలుస్తూ, నేనన్నది అన్నట్టే టైపు చేయసాగింది. మధ్యలో ఆగి నా వైపు చూసింది.

"రెండ్రోజులేనా అక్కా?" అంది.